నొప్పి దాచిన కాలు

"నా కాలి కింద ఊపిరి ఆడనేదమ్మా," అంది కుసుమకుమారి. "తొక్కినప్పుడు నాకు తెల్దు. ఇంటికెల్లి కూకున్నాక తెలిసినాది. అప్పుట్నించి ఈ కాలు నాది కాదన్నట్టుగుంది."

ఈ మాట ఆమె నిన్ననే పోలీసులకి చెప్పింది. ఎస్.ఐ. జగన్నాధం పట్టించుకోలేదు. ఆయనకి కావలసిన మాట ఒక్కటే, 'తొక్కాను' అన్నది. అది దొరికాక మిగిలినవన్నీ ఆయన చెవికి చెత్త.

ఆమదాలవలస రైసు మిల్లు గోడౌన్‌లో నిలబడి ఉన్నాం మేం ముగ్గురం, కుసుమ, జగన్నాధం, నేను. నిన్న పొద్దున్న మిల్లు యజమాని అప్పలసూరి ఇక్కడే ఈ చాప మీద బోర్లా పడుకుని చచ్చిపోయి కనిపించాడు. నడుం ఎముక విరిగింది. అతని దగ్గరికి చివరగా వచ్చిన మనిషి కుసుమకుమారి. సాయంత్రం నాలుగింటికి ఆమెని కోర్టులో పెడతాడు జగన్నాధం. ఆమె చెల్లెలు కన్యాకుమారి పొద్దున్నే శ్రీకాకుళంలో నా ఆఫీసు మెట్లమీద కూర్చుని ఏడ్చింది, అందుకని వచ్చాను. నా పేరు సుహాసిని. ప్రభుత్వాసుపత్రిలో ఎముకల డాక్టరుగా చాలాకాలం చేసి, పోలీసు కేసుల్లో దెబ్బలు చూసి చూసి విసుగెత్తి, ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాను. ఆ బోర్డు చూస్తే జగన్నాధానికి ఒళ్ళు మంట. ఆయన్ని చూస్తే నాకూ అంతే.

"మొదట్నించీ చెప్పు కుసుమా. ఎవరు పిలిచారు?"

"అప్పలసూరి బాబే. ఫోన్ సేసి, 'కుసుమా, నడుం పట్టేసినాదే, ఓపాలి వచ్చి తొక్కీయే' అన్నారు. నానొచ్చేసరికి తలుపు తీసే ఉన్నాది. బాబు బోర్లా తొంగున్నారు, తలమీంచి తువ్వాల కప్పుకుని. మూడుపాలు నొక్కినాను. ఎల్లిపోనాను."

"పలకరించలేదా?"

ఆమె నావంక జాలిగా చూసింది. "పలకరించకూడదు కదమ్మా."

కుసుమకుమారి ఎదురుకాళ్ళతో పుట్టింది. అలా పుట్టినవాళ్ళు నడుం మీద కాలు పెడితే పట్టు విడుస్తుందని మా వైపు నమ్మకం. నేను నమ్మను. అలాగని నా మాట విని మానేసినవాడు ఒక్కడూ లేడు. నా దగ్గర మందు రాయించుకుని తిన్నగా ఆమె ఇంటికి వెళ్ళినవాళ్ళు మాత్రం బోలెడుమంది. దానికో పద్ధతుంది. పట్టినవాడు పరగడుపున బోర్లా పడుకుని తల కప్పుకుంటాడు. వచ్చినామె మాట్లాడదు. మూడుసార్లు నొక్కి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోతుంది. దానికి ఏమీ పుచ్చుకోకూడదు. పిలిస్తే రాననకూడదు. ఎవరికి, ఏమిటి అని అడగకూడదు. ఇన్ని కూడదుల మధ్య ఈ పిచ్చిమాలోకం ఊరందరి నడుములూ తొక్కుతూ బతికింది.

"శవం ఊపిరి పీల్చదు మేడమ్, ఆ మాత్రం నాకూ తెలుసు," అన్నాడు జగన్నాధం. "కాకపోతే ఈవిడ తొక్కాకే శవమయ్యాడు."

"ఈమె బరువెంతుంటుందండీ? నలభై కిలోలు ఉంటుందా? ఆ కాలికి నడుం ఎముక విరుగుతుందా?"

"పోస్టుమార్టంలో విరిగిందని ఉంది."

"విరిగినచోట నెత్తురు కమ్మలేదని కూడా ఉంది. బతికున్న మనిషి ఎముక విరిగితే చుట్టూ నెత్తురు కమ్ముతుంది. చచ్చినవాడికి కమ్మదు. ముక్కులోనూ గొంతులోనూ తవుడు ఉందని ఇంకో వాక్యం ఉంది. అది చదివారా?"

"రైసు మిల్లువాడి ముక్కులో తవుడు కాక గంధం ఉంటాదేటి?" కోపం వస్తే ఆయన యాస బయటికొస్తుంది. "సూడండి, నాకు చేతిలో మనిషుంది, ఒప్పుకున్న మాటుంది. మీరు కథలు సెప్పకండి."

అరెస్టు కాగితం ఇంకా రాయలేదు గనక కుసుమకుమారిని నాలుగింటికల్లా కోర్టు దగ్గర ఉండమని చెప్పి, చెల్లెలి పూచీ మీద ఇంటికి పంపించాడు. కోర్టు కాగితాలు తెమ్మని కానిస్టేబుల్ని పంపాడు. గోడౌన్‌కి సీలు వెయ్యలేదేమని అడిగితే, మిల్లు తాళం వేస్తున్నాం కదా అన్నాడు.

తాళం వెయ్యకముందే నేను చూడవలసింది చూసేశాను. చాపకి రెండడుగుల దూరంలో ధాన్యం బస్తాలు వరసలుగా పేర్చిన నిట్టు ఉంది. హమాలీలు బస్తాల్ని మూతి లోపలికి పెట్టి పేరుస్తారు, కుట్టు ఊడినా గింజ బయటికి కారకుండా. నిట్టంతా అలాగే ఉంది, ఒక్క బస్తా తప్ప. మోకాలెత్తు వరసలో ఆ ఒక్కటీ మూతి బయటికి పెట్టుకుని వంకరగా కూర్చుంది. దానికి జారవేసినట్టు హమాలీలు బస్తాలు దొర్లించే పలక ఒకటి వాల్చి ఉంది. నిట్టు పై వరసలో, నా ఛాతీ ఎత్తున, ఒక బస్తా పట్టేంత ఖాళీ ఉంది.

"మిల్లు నడిచి ఎన్నాళ్ళయింది?"

"మిషను రిపేరు. వారం నుంచీ హమాలీలు రావడంలేదు."

"అయితే ఈ బస్తా హమాలీ పెట్టింది కాదు. పైనుంచి ఒకరు తీశారు. ఒంటరిగా, అలవాటు లేని మనిషి. శవం నడుం మీద పడేశారు. తరవాత పలక మీద దొర్లించి, దొరికినచోట కుక్కారు. అప్పలసూరి ఈవిడకి ఫోన్ చెయ్యడం ఎవరో విన్నారు జగన్నాధం గారూ. ఆవిడ వచ్చేలోగా తవుడు గోతంతో మొహం నొక్కి చంపారు. పలకరించదని తెలుసు. శవాన్ని తొక్కి వెళ్ళేవరకూ ఆగి, ఆవిడ మీద పడే నేరానికి తగ్గట్టు నడుం విరిచారు."

ఆ మాట నా నోటితో అన్నాక నా చూపు బస్తాల వెనక్కి పోయింది. ఆవిడ పాదం ఆనేసరికి, చంపినవాళ్ళు ఈ బస్తాల వెనకే ఊపిరి బిగబట్టి నిలబడి ఉంటారు.

జగన్నాధం మాత్రం నవ్వాడు. "ఎవుడు? ఈ కాంపౌండులో ఉన్న మగాడు అప్పలసూరి తమ్ముడు దేవేంద్ర ఒక్కడే. వేసవి నుంచీ నరం పట్టేసి కుడికాలు ఈడుస్తున్నాడు. కర్ర లేకుండా వీధిలోకి రాడు. డెబ్భై అయిదు కిలోల బస్తా ఎత్తేస్తాడా?"

"అదే చూద్దాం పదండి. నరం పట్టిందో లేదో చూడ్డం నా పనే."

దేవేంద్ర ఇల్లు మిల్లు వెనకే, అదే ప్రహరీలో. నవారు మంచం మీద వెల్లకిలా ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. మొహం పీక్కుపోయి ఉంది. అన్న చచ్చినందుకు అనుకోవచ్చు. భార్య సింధూరి వేడినీళ్ళ సంచీ అతని కుడి పిర్ర కింద సర్దుతోంది. దిట్టమైన మనిషి, బలమైన చేతులు. నేనడిగిన ప్రశ్నలన్నిటికీ ఆమే జవాబు చెప్పింది.

"కుడికాలేనండి. నడుంకాడ మొదలై పిక్క దాకా లాగెస్తాది. వేసవి కాణ్ణించీ ఇదే బాధ. నిన్న పొద్దున్న మంచమే దిగనేదు. నానే సాక్ష్యం."

"అన్నగారు మిల్లు అమ్మేస్తానన్నారట కదా?"

"అదిప్పుడెందుకండీ, మనిషే పోనాక," అన్నాడు దేవేంద్ర.

ఇంతలో జగన్నాధం తన తెలివి చూపించాడు. నన్ను ఎగతాళి చెయ్యాలన్న తొందరలో నోరు జారాడు. "మేడమ్‌గారి లెక్క వేరే ఉందండోయ్. కుసుమ తొక్కేటప్పటికే మీ అన్నకి ఊపిరి లేదంట. ఆ మాట అది సాయంత్రం జడ్జిగారి ముందు సెప్తాదంట."

సింధూరి చేతిలో సంచీ ఆగిపోయింది. కొంచెంసేపే. "నీళ్ళు సల్లారిపోనాయి, మళ్ళీ కాసి తెస్తాను," అని వంటింట్లోకి వెళ్ళింది. జగన్నాధాన్ని అక్కడే నాలుగు తిట్టాలనిపించింది. ఆ తిట్లు తరవాత తిడదామనుకున్నాను, అది నా బుద్ధితక్కువ.

"దేవేంద్రా, మోకాలు వంచకు. కాలు నేనెత్తుతాను, నువ్వు వదులుగా ఉంచు," అని కుడి మడమ కింద చెయ్యి పెట్టి పైకెత్తాను. మంచానికి జానెడు ఎత్తు వెళ్ళిందో లేదో "ఓలమ్మో!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు. నడుం దగ్గర నరం నలిగితే కాలు ఇలా ఎత్తినప్పుడు నరం సాగి, పిక్కదాకా మంట పెడుతుంది. అరుపు బాగానే ఉంది. అరుస్తూ నా మొహం చూస్తున్నాడు, అదొక్కటే బాగాలేదు. నొప్పి వచ్చినవాడు ఎదుటివాడి మొహం చూడడు.

"చూసారా?" అన్నాడు జగన్నాధం.

"చూశాను. లేచి కూర్చో నాయనా, మంచం అంచుకి."

కూర్చున్నాడు. కుడి చెయ్యి మంచానికి ఆనించి, బరువంతా కుడి పిర్ర మీదే వేసి కూర్చున్నాడు. కుడికాలు నొప్పి ఉన్నవాడు చచ్చినా అలా కూర్చోడు. నేనేమీ అనకుండా కింద పీట మీద కూర్చుని అతని కుడి పాదం పట్టుకున్నాను.

"మడమలో ముల్లుందేమిటి? అలా వెలుగులోకి పెట్టు," అని పాదాన్ని ముందుకి లాగి, మోకాలు పూర్తిగా చాపి, అరికాలు అటూ ఇటూ తిప్పి చూశాను.

"ముల్లేటీ నేదండి," అన్నాడు తాపీగా.

జగన్నాధం తెలివితక్కువవాడు కాదు, మొండివాడంతే. అతని కళ్ళు చిన్నవయ్యాయి. పడుకోబెట్టి ఎత్తినా, కూర్చోబెట్టి చాపినా అదే కాలు, అదే నరం, అదే లాగుడు. పడుకుని గావుకేక పెట్టినవాడు కూర్చుని ముల్లు వెతికించుకున్నాడు.

నన్ను గుమ్మం దగ్గరికి పిలిచి గొంతు తగ్గించాడు. "సరే, నటిస్తన్నాడు. అన్నదగ్గర చాకిరీ తప్పించుకోడానికి నటించుంటాడు. మా ఆఫీసులో సగం మంది అలాగే సెలవు పెడతారు. నటన హత్య కాదు మేడమ్. బస్తా ఎత్తినట్టు రుజువేదీ?"

ఆ మాట నిజమే. అప్పటికి నా దగ్గర రుజువు లేదు. ఊరికే నటిస్తున్నాడని కోర్టులో చెబితే కుసుమకుమారి మెడ మీది బరువు తులమెత్తు కూడా తగ్గదు. పరీక్ష సగంలో ఆపకూడదన్న పాత అలవాటు కొద్దీ మంచం దగ్గరికి తిరిగొచ్చాను. జబ్బు కాలు చూశాక మంచి కాలు కూడా చూడాలి, పోల్చుకోడానికి. ఎక్కడైనా అంతే.

"పడుకో. ఇప్పుడు ఎడమకాలు."

"అది బాగానే ఉందండి," అన్నాడు. మరీ తొందరగా అన్నాడు.

పడుకోడానికి అతను పడిన పాట్లు అప్పుడు గమనించాను. నరం నొప్పి పాతబడినవాళ్ళకి ఒక ఒడుపు వచ్చేస్తుంది. పక్కకి ఒరిగి, చేతిమీద బరువు మోపి, ఆపైన వెల్లకిలా తిరుగుతారు. ఇతను తిన్నగా వెనక్కి వాలబోయి, సగంలో బిగుసుకుపోయి, పళ్ళు కొరుక్కున్నాడు. ఇతనికి నొప్పుంది. కానీ దానితో ఎలా వేగాలో ఇంకా తెలీదు.

ఎడమ మడమ ఎత్తాను. జానెడు ఎత్తు. అరవలేదు. నా మొహం చూడలేదు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. చేతివేళ్ళు నవారులోకి దిగబడ్డాయి. నుదుటిమీద చెమట పోసింది.

"నొప్పుందా?"

"నేదు."

కాలు అక్కడే ఉంచి, అరికాలుని మెల్లిగా మొహంవైపు వంచాను. సాగిన నరం ఇంకాస్త సాగుతుంది.

"ఇప్పుడు?"

"నేదండి." కంటి చివరనుంచి నీళ్ళు చెవిలోకి జారాయి.

ముప్ఫై ఏళ్ళుగా ఇలాంటి కాళ్ళు ఎత్తాను. లేని నొప్పి ఉందన్నవాళ్ళు ఎంతమందో. ఉన్న నొప్పి లేదని ఏడుస్తూ చెప్పినవాడు ఇతనొక్కడే. నాకు కోపం వచ్చింది, భయం కూడా వేసింది. నా మందుల సంచీలోంచి రబ్బరు సుత్తి తీశాను. కుడి మడమ వెనక స్నాయువు మీద కొడితే పాదం టక్కున ఎగిరింది. ఎడమవైపు కొట్టాను. మళ్ళీ కొట్టాను. చలనం లేదు.

"జగన్నాధం గారూ, ఇది చూడండి. నొప్పి నటించొచ్చు, దాచొచ్చు. ఈ పాదం ఎగరడం మనిషి చేతిలో లేదు. ఎడమవైపు నరం నలిగిపోయింది, ఇది నిజం. నలిగి ఎంతోకాలం కాలేదు, పిక్క ఇంకా చిక్కలేదు. వేసవి నుంచీ కుడికాలు కుంటిన మనిషి, ఎడమకాలికి నిజంగా నొప్పి వస్తే ఎందుకు దాస్తున్నాడు? చెప్పుకుని మందు వేసుకోవచ్చు కదా?"

జగన్నాధం వంగి ఆ ఎడమ పాదాన్ని చూశాడు. "బస్తా," అన్నాడు.

"బస్తాయే. అలవాటు లేనివాడు నడుం వంచి ఒంటరిగా ధాన్యం బస్తా లాగితే జరిగేది ఇదే. అబద్ధం కుడివైపు చెప్పుకుంటూ వచ్చాడు. నిజం ఎడమవైపు వచ్చి కూర్చుంది."

దేవేంద్ర పైకప్పు చూస్తూ పడుకున్నాడు. అప్పుడు అతని పొత్తికడుపు నా కంట పడింది. ఉబ్బి ఉంది. చెయ్యివేసి చూస్తే బిర్రుగా తగిలింది.

"ఒంటేలుకి ఎప్పుడు వెళ్ళావు?"

"...నిన్న పొద్దున్న. ఆనక రావడంనేదు."

జగన్నాధాన్ని అటు తిరగమని, అతన్ని పక్కకి ఒరిగించి, కూర్చుంటే పీటకి ఆనే భాగమంతా గుండుసూదితో తాకుతూ పోయాను. ఎక్కడ గుచ్చుతున్నానో అతనికి తెలియడంలేదు. చంపినవాడే కావచ్చు, నా చేతికింద మాత్రం రోగి. ముందు 108కి ఫోన్ చేశాను. తరవాత అతని తల దగ్గర కూర్చున్నాను.

"దేవేంద్రా, విను. వెన్నుచివర నరాల కట్ట మొత్తం నలుగుతోంది. విశాఖ తీసుకెళ్ళి ఈపూటే ఆపరేషన్ చెయ్యాలి. లేకపోతే ఆ కాలు తిరిగి రాకపోవచ్చు, ఒంటేలు కూడా జన్మంతా గొట్టంతోనే. బండి వస్తుంది, నువ్వు నిజం చెప్పినా చెప్పకపోయినా వస్తుంది. కానీ అక్కడ సర్జను మొట్టమొదట అడిగేది, ఎప్పుడు మొదలైందీ, ఎలా మొదలైందీ అని. వేసవి నుంచీ కుడికాలు అని చెప్పావనుకో, నీకు నువ్వే నష్టం చేసుకుంటావు."

వంటింట్లో నీళ్ళు తెర్లుతున్న చప్పుడు వినబడుతోంది. నాకు అతని మీద జాలి కలిగింది. ఆ జాలి నాకేం నచ్చలేదు.

"నిన్న పొద్దున్నండి," అన్నాడు చివరికి. "పైవరస బస్తా లాగినాను. నడుంలో టక్ మన్నాది. బస్తా అన్న మీద పడిపోనాది. నాను పక్కన పడిపోనాను. అన్న పక్కనే. లెగలేకపోనాను."

జగన్నాధం టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. కుసుమకుమారి బయటపడింది అనుకున్నాను. అనుకున్నానే గానీ, ఏదో మిగిలిపోయింది.

లేవలేకపోయాడు. మరి బస్తా?

"దేవేంద్రా, నువ్వు కిందపడ్డావు కదా, శవం మీంచి బస్తా తీసి నిట్టులో పెట్టిందెవరు? నిన్ను మంచం దాకా మోసుకొచ్చిందెవరు?"

అతని కళ్ళు వంటింటి గుమ్మం వైపు వెళ్ళాయి.

ఒక్క అంగలో వంటింట్లో ఉన్నాను. స్టవ్ మండుతోంది. గిన్నెలో నీళ్ళు సగానికి ఇగిరిపోయాయి. పెరటి తలుపు బార్లా తీసి ఉంది. గోడకి మేకు ఉంది, దాని పైన 'మిల్లు తాళాలు, రెండో గుత్తి' అని సుద్దతో రాసి ఉంది. మేకు ఖాళీగా ఉంది.

కన్యాకుమారికి ఫోన్ చేశాను. ఆమె గొంతులో పొద్దుటి ఏడుపు లేదు.

"అక్కుందా?"

"నేదమ్మా. ఇందాకే బయల్దేరినాది. ఎవులికో నడుం పట్టేసినాదని ఫోనొచ్చినాది. ఇలాటప్పుడు ఎల్లకే అన్నాను. పిలిస్తే రాననకూడదు అనేసినాది."

"ఎవరికి? ఎవరు పిలిచారు?"

"అడక్కూడదు కదమ్మా," అంది కన్యాకుమారి. "ఎవులో ఆడమనిషి. మిల్లుకే రమ్మన్నాదంట."

ఫోన్ చేతిలోనే ఉంది, పరిగెత్తాను. జగన్నాధం నన్ను దాటుకుని ముందు పరిగెత్తాడు. జీవితంలో మొదటిసారి ఆయన నాకంటే ముందు వెళ్తున్నందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. గోడౌన్ తలుపుకి ఆయన వేసిన తాళం ఊడి గొళ్ళానికి వేలాడుతోంది. తలుపు లోపలినుంచి గడియ పెట్టి ఉంది. గుమ్మం బయట, పద్ధతి ప్రకారం, ఒక జత పాత రబ్బరు చెప్పులు పక్కపక్కన విడిచి ఉన్నాయి.

"కుసుమా!" అని అరిచాను.

జవాబు రాలేదు. తొక్కేటప్పుడు ఆమె మాట్లాడదు. చాప మీద తువ్వాల కప్పి ఉన్నది మనిషో గోతమో కూడా అడగదు, ఆ సంగతి సింధూరికి తెలుసు.

జగన్నాధం భుజంతో తలుపుని గుద్దాడు. రెండోసారి గుద్దేలోగా, లోపల పై వరసలోంచి బస్తా ఒకటి కింద పడిన చప్పుడైంది.